పాత కార్లలో కళ తగ్గనివేవి, వెలవెలబోయినవేవి?

మీరు చెన్నైలో 1995-2010 మధ్య వచ్చిన సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నానన్నారు. ఇప్పటికీ కంటికి ఇంపుగా ఉన్న డిజైన్లు ఏవి, పాతబడిపోయినవి ఏవి అని అడిగారు.

ముందు ఒక పరీక్ష చేయండి. కారుకు పక్కగా ఇరవై అడుగుల దూరంలో నిలబడి, ఒక కన్ను మూసి, అరచేత్తో డిక్కీని కప్పి చూడండి. మిగతాది నిండు కారులా కనిపిస్తే ఆ డిక్కీ తర్వాత అతికించిందే. 2008లో వచ్చిన మొదటి మారుతి స్విఫ్ట్ డిజైర్ దగ్గర ఇలా చేస్తే అచ్చంగా స్విఫ్టే మిగులుతుంది. 2012లో దాన్ని 3995 మిల్లీమీటర్లకు కుదించారు. నాలుగు మీటర్ల లోపు ఉండి, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటకపోతే అప్పట్లో ఎక్సైజు సుంకం తక్కువ, అందుకని. పైకప్పు ఎత్తు తగ్గకుండా డిక్కీ ఒక్కటే కురచైతే వెనక భాగం నొక్కేసినట్టుంటుంది. టాటా ఇండిగో సీఎస్‌దీ అదే కథ. ఇందులో డిజైనర్ల తప్పు తక్కువ, పన్ను లెక్కది ఎక్కువ.

అదే 2005 స్విఫ్ట్‌ని చూడండి. కిటికీ స్తంభాలకు నలుపు వేశారు, దాంతో ముందు అద్దం, పక్క అద్దాలు ఒకే పట్టీలా కలిసిపోతాయి. చక్రాలు నాలుగు మూలలకు జరిగాయి, ఒంటి మీద అనవసరమైన గీత లేదు. నా లెక్కలో ఆ కాలపు చిన్న కార్లలో దీనంత నిలిచింది మరోటి లేదు.

సెడాన్లలో, అంటే డిక్కీ విడిగా ఉండే కార్లలో, నా ఓటు 1998 మిత్సుబిషి లాన్సర్‌కు. మన పక్కనే తిరువళ్ళూరులో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసింది. బానెట్ కిందికి ఉంటుంది, స్తంభాలు సన్నగా, అద్దాలు పెద్దగా ఉంటాయి. హోండా సిటీలో 1998 మోడల్ ఇలాగే నిలిచింది. 2003 మోడల్‌లో పెట్రోల్ ట్యాంకును ముందు సీట్ల కిందికి తెచ్చి లోపల చోటు బాగా పెంచారు. ఆ చోటు కోసం ఒళ్ళు ఎత్తయింది, చక్రాలు మాత్రం చిన్నవే. అందుకే పక్కనుంచి ఒళ్ళు బరువుగా, కాళ్ళు సన్నగా కనిపిస్తుంది.

హ్యుందాయ్ శాంట్రో సంగతి వేరు. శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1998 నుంచి తయారైన ఆ మొదటి రూపం చూడ్డానికి పాతబడింది. కానీ మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వంగకుండా నేరుగా కూర్చోగల ఎత్తు దానిది. ఇంట్లో అమ్మానాన్నలు ఉంటే ఆ ఒక్క గుణం చాలు. 1991లో వచ్చిన టాటా సియెరాలో వెనకవైపు పక్క అద్దం పైకప్పులోకి వంగి వెళ్ళే తీరు ఇప్పటికీ ముచ్చటే. 2020 ఆటో ఎక్స్‌పోలో టాటా ఆ రూపంతోనే కాన్సెప్ట్ చూపించింది. అయితే ఆ అద్దానికి చిన్న బీట ఉన్నా కారు తీసుకోకండి, మళ్ళీ దొరకడం కష్టం.

ఇక మన ఎండ. మంచి డిజైన్‌ని కూడా ముసలిదాన్ని చేసేది హెడ్‌లైట్ల పసుపు. అంబాసిడర్, పద్మినిలకు గాజు లైట్లు కాబట్టి ఆ బెడద లేదు. తెలియకపోతే గోటితో తట్టండి: గాజు టింగుమంటుంది, ప్లాస్టిక్ మొద్దుగా పలుకుతుంది. ప్లాస్టిక్ మీద కంపెనీ వేసిన, ఎండను ఆపే పూత అరిగిపోతే పసుపు తేలుతుంది. చుట్టూ పెయింటుకు టేపు అంటించి, సబ్బునీళ్ళు చల్లుతూ 800, తర్వాత 1500, తర్వాత 2000 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దాలి. మొదట పసుపు నీళ్ళు దిగుతాయి. తెల్లగా దిగేదాకా 800 వదలొద్దు. ఆఖర్న రబ్బింగ్ కాంపౌండ్ పట్టించి మెరుపు తెచ్చి ఆపేస్తే కొన్ని నెలల్లోనే మళ్ళీ పసుపు వస్తుంది, ఎందుకంటే పూత మొత్తం మనమే గీకేశాం. ఎండకు తట్టుకునే, హార్డెనర్ (పూతను గట్టిపరిచే ద్రవం) కలిపిన క్లియర్ కోటు, అంటే రంగులేని పై పూత, పడితేనే నిలుస్తుంది. అది మాస్కు పెట్టుకుని ఆరుబయటే కొట్టించండి. మరక లోపలివైపు ఉంటే ఎంత రుద్దినా పోదు, లైటు మార్చాల్సిందే. పాత కారు భాగాలు అమ్మే చెన్నై పుదుపేటలో పాత ఒరిజినల్ దొరికితే కొత్త డూప్లికేట్ కంటే అదే మేలు. కొనేముందు వెనక క్లిప్పులు విరగలేదని చూసుకోండి.

చక్రాలు చిన్నవిగా ఉన్నాయని పెద్ద రిమ్ములు వేయించేటప్పుడు టైరు మొత్తం వ్యాసం మారకూడదు. ఉదాహరణకు 175/65 ఆర్14 సైజు టైరు వ్యాసం 583 మిల్లీమీటర్లు, 185/55 ఆర్15ది 584.5. ఇలా సరిపోతేనే స్పీడోమీటర్ తప్పదు, టైరు పైనున్న ఆర్చికి (చక్రం మీది ఒంపు) రాసుకోదు. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును చెప్పే సంఖ్య) పాత టైరుకన్నా తగ్గనివ్వకండి.