డెమీ సైజు పేజీ పట్టే ట్యాబ్ ఏది?

ప్రశ్న: ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. వికీసోర్సు నుంచీ, ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచీ దించుకున్న పాత పుస్తకాలు రెండు వందలకు పైగా నా దగ్గర ఉన్నాయి కానీ, ఫోనులో చదువుతుంటే కళ్ళు లాగుతున్నాయి. 15,000 రూపాయలకు మించకుండా ఒక ట్యాబ్ కొనదలిచాను. మా ఆవిడ అందులోనే ప్రవచనాలు వింటుంది, మనవరాలితో వీడియో కాల్ మాట్లాడుతుంది. దుకాణంలో అడిగితే ర్యామ్, ప్రాసెసర్, కెమెరా అంటూ ఏకరువు పెడుతున్నారు. దేన్ని చూసి కొనాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందుగా మీ పుస్తకాలు ఎలాంటివో చూద్దాం. మీరు దించుకున్నవాటిలో ఎక్కువ భాగం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే అయి ఉంటాయి. వాటిలో ఉన్నవి పేజీల బొమ్మలు కనుక, అక్షరాలను పెద్దవి చేస్తే అక్షరాలు టైపు చేసి తయారుచేసే ఈపబ్ ఈ-పుస్తకంలో లాగా పంక్తులు తెర వెడల్పుకు తగ్గట్టు సర్దుకోవు. మన పుస్తకాలు చాలావరకు 1/8 డెమీ సైజులో, అంటే సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తుతో అచ్చయ్యాయి. 1920×1200 పిక్సెళ్ళు (తెర మీద బొమ్మను కూర్చే చుక్కలు) ఉన్న 11 అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 5.8 అంగుళాలు, ఎత్తు 9.3 అంగుళాలు ఉంటుంది కాబట్టి, డెమీ పేజీ అచ్చులో ఉన్నంత పరిమాణంలోనే అందులో ఇమిడిపోతుంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన 8.7 అంగుళాల ట్యాబ్‌ను మీరు చూసే ఉంటారు. ఆ కొలత తెర వెడల్పు నాలుగున్నర అంగుళాలకు మించదు. అదే పేజీ అందులో అయిదింట నాలుగు వంతులకు కుదించుకుపోతుంది. పెద్దది చేసుకుని, పాదం పాదానికీ తెరను పక్కకు జరుపుకుంటూ పద్యం చదివితే యతి ఎక్కడ పడిందో కూడా పట్టుబడదు. అందువల్ల మీకు 11 అంగుళాల తెర కావాలన్నది నా నిశ్చితాభిప్రాయం.

పెద్ద తెర ఒక్కటే చాలదు, అది స్పష్టంగా కూడా ఉండాలి. ఈ విషయంలో నేనే ఒకసారి బోల్తా పడ్డాను. మూడు వేలు తక్కువకు వస్తోందని 1280×800 పిక్సెళ్ళున్న 10.1 అంగుళాల ట్యాబ్ కొన్నాను. అంగుళానికి 149 పిక్సెళ్ళే ఉన్న ఆ తెర మీద సినిమా బాగానే కనిపించింది కానీ, పుస్తకం తెరిచేసరికి ‘రాష్ట్రం’లోని వత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మరకలా కనిపించాయి. ద, ధ, థ అక్షరాల తేడా ఒక చిన్న గీతలోనూ, ఒక చుక్కలోనూ ఉన్న లిపి మనది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే స్పష్టత దీనికి చాలదు. పైన చెప్పిన 11 అంగుళాల తెరలో అంగుళానికి 206 పిక్సెళ్ళు ఉంటాయి. పాత అచ్చు చదవడానికి అంతకంటే తగ్గవద్దని నా సలహా.

2023లో విడుదలైన గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్, రెడ్‌మీ ప్యాడ్ ఎస్ఈ ఈ కొలతల్లో వచ్చినవే. రెండింటికీ నాలుగేసి స్పీకర్లు ఉన్నాయి కనుక ప్రవచనాలు వినడానికి ఇబ్బంది ఉండదు. అయితే విడుదలై కొంతకాలమైన ఏ ట్యాబ్‌కైనా భద్రతా అప్‌డేట్లు ఇంకా ఎంతకాలం వస్తాయో అడిగి తెలుసుకున్న తరువాతే డబ్బు చెల్లించండి. ర్యామ్ 4 జీబీ, స్టోరేజీ 64 జీబీ ఉండి, మెమరీ కార్డు పెట్టుకునే వీలుంటే మీ ఇంటి అవసరాలకు సరిపోతుంది. 32 జీబీ ట్యాబ్‌లో సగానికి దగ్గరగా ఆండ్రాయిడే ఆక్రమిస్తుంది, కాబట్టి దాని జోలికి పోకండి. వెనుక కెమెరా గురించి దుకాణదారు ఎంత చెప్పినా విని ఊరుకోండి. వీడియో కాల్‌కు కావలసింది ముందు కెమెరా. ట్యాబ్‌ను అడ్డంగా నిలబెట్టినప్పుడు అది పై అంచు మధ్యలో ఉంటే మనవరాలికి అమ్మమ్మ ముఖం నేరుగా కనిపిస్తుంది.

ఒక ఇబ్బందిని మాత్రం దాచను. 11 అంగుళాల ట్యాబ్ దాదాపు అర కిలో బరువుంటుంది, పడుకుని చదివే అలవాటు ఉంటే అరగంటకే మణికట్టు నొప్పి పెడుతుంది. నిలబెట్టుకునే వీలున్న కవరు ఒకటి దానితో పాటే కొనుక్కోండి. కొనే ముందు, మీ పుస్తకాలలో అన్నిటికంటే మసకగా స్కానయిన దానిని ట్యాబ్‌కు తగిలే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దుకాణానికి వెళ్ళి, ప్రదర్శనకు పెట్టిన ట్యాబ్‌లో తెరిపించి రెండు పేజీలు చదివి చూడండి. వాళ్ళు విసుక్కున్నా పట్టించుకోకండి.

ప్రశ్న: ట్యాబ్ కన్నా, ఈ-పుస్తకాలు చదవడానికే అమెజాన్ అమ్మే కిండిల్ కళ్ళకు హాయిగా ఉంటుందని స్నేహితులు అంటున్నారు. తెలుగు నవలలు చదవడానికి దానిని కొనవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కళ్ళ విషయంలో మీ స్నేహితుల మాట నిజమే. దాని తెర కాగితంలాగా బయటి వెలుతురును ప్రతిఫలించి కనిపిస్తుంది. ఒకసారి ఛార్జి చేస్తే వారాల తరబడి పనిచేస్తుంది. కానీ 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌కు భారతీయ భాషల పుస్తకాలను తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం మాత్రమే ఉన్నాయి, తెలుగు లేదు. ఇక స్కాన్ పుస్తకాలు చదువుదామంటే ఆరేడు అంగుళాల తెర మీద పై జవాబులో చెప్పిన బాధ రెట్టింపవుతుంది. మీరు ఇంగ్లీషు నవలలు కూడా విరివిగా చదివేవారైతే కొనండి, తెలుగు కోసమే అయితే వద్దు.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో ఒంటరిగా ఉంటున్న మా అమ్మకు ఇక్కడ చవకగా దొరికే అమెజాన్ ఫైర్ ట్యాబ్ కొని పంపుదామనుకుంటున్నాను. సిమ్ వేసుకునేది కావాలా, వైఫైది చాలా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఫైర్ ట్యాబ్‌లో గూగుల్ ప్లే స్టోర్ ఉండదు. కాబట్టి అక్కడ అందరూ వాడే యాప్‌లను ఎక్కించడానికి అమ్మగారు ప్రతిసారీ ఎవరో ఒకరి మీద ఆధారపడవలసి వస్తుంది. పైగా వారంటీ సాధారణంగా కొన్న దేశానికే పరిమితం. డబ్బు పంపించి అక్కడి దుకాణంలోనే బిల్లుతో కొనిపించండి.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై ట్యాబ్ చాలు. లేకపోతే, ఫోనులో హాట్‌స్పాట్ పెట్టుకోవడం పెద్దవారికి ప్రతిరోజూ చికాకే కాబట్టి, రెండు మూడు వేలు ఎక్కువైనా సిమ్ ఉన్నదే తీసుకోండి. అయితే బ్యాంకు ఖాతాకు జతచేసిన నంబరును మాత్రం అందులోకి మార్చకండి. యూపీఐ యాప్ నమోదయ్యేటప్పుడు ఆ సిమ్ ఉన్న పరికరం నుంచే సందేశం పంపించి సరిచూసుకుంటుంది, ఓటీపీలు కూడా దానికే వస్తాయి. కనుక ఆ సిమ్ అమ్మగారి ఫోనులోనే ఉండాలి, ట్యాబ్‌కు డేటా కోసం వేరే సిమ్ తీసుకోవాలి.