మే చివర్లో స్టెల్వియో, ఫుర్కా రెండూనా? ప్లాన్ ఇలా మార్చుకోండి

అన్నా, మ్యూనిక్‌లో పోర్షే అద్దెకు తీసుకుని, మే చివర్లో 5 రోజుల్లో ఆల్ప్స్ కొండదారులు గ్రాస్‌గ్లాక్నర్ (ఆస్ట్రియా), స్టెల్వియో (ఇటలీ), ఫుర్కా (స్విట్జర్లాండ్) మూడూ చూడాలన్నారు. అసలు చిక్కు తేదీలతోనే. గ్రాస్‌గ్లాక్నర్ మామూలుగా మే మొదట్లోనే తెరుస్తారు కానీ, ఫుర్కా మీద మంచు జూన్ దాకా ఉంటుంది. స్టెల్వియో కూడా మే చివర్లో నమ్మకం లేదు. టికెట్లు ఇంకా కొనలేదు కాబట్టి జూన్ చివరికి జరపండి, ఫుర్కా వదిలేయండి. 5 రోజుల్లో అది కూడా ఇరికిస్తే హైవేలే మిగులుతాయి.

మ్యూనిక్ నుంచి ఆస్ట్రియాలోని త్సెల్ ఆమ్ జే ఊరికి వెళ్లి, పొద్దున్నే గ్రాస్‌గ్లాక్నర్ ఎక్కండి. 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు, టోల్ ఉంటుంది. తర్వాత లియెంజ్, కోర్టినా, పోర్డోయి కనుమ, బోల్జానో మీదుగా వెళ్లండి. స్టెల్వియోను మాత్రం ప్రాటో వైపు నుంచే ఎక్కండి. ఆ 48 మలుపులు ఎక్కుతుంటేనే అందం! 2,757 మీటర్ల పైన కాసేపు ఆగి, ఉంబ్రాయిల్ కనుమ మీదుగా స్విట్జర్లాండ్‌లోకి దిగి, రెషెన్, లాండెక్ దారిలో మ్యూనిక్ చేరండి. ఆ స్విస్ ముక్కలో హైవే లేదు, విన్యెట్ (హైవే టోల్ స్టిక్కర్) అక్కర్లేదు. ఆస్ట్రియా హైవేలకు మాత్రం కావాలి.

దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో ఉంచండి. నేను మొదటిసారి బ్రేక్ మీదే దిగితే కాలిన వాసన వచ్చి, అరగంట ఆపాల్సి వచ్చింది.

బుక్ చేసే ముందు కారును ఇటలీ, స్విట్జర్లాండ్‌లలోకి తీసుకెళ్లనిస్తారా, రోజుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఇండియా లైసెన్స్ అయితే ఆర్టీవోలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి.