గైడ్ గారు ఎస్‌పీఎస్‌ఎస్ అంటున్నారు.. మరి డబ్బులో?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. ఎచ్చెర్లలో పీజీ చదువుతున్నాను. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ల కూలి, ఆరోగ్యం మీద 180 మందిని సర్వే చేశాను. గైడ్ గారు ఎస్‌పీఎస్‌ఎస్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో అనాలిసిస్ చేయమన్నారు. ధర చూసి టెన్షన్ పట్టుకుంది. ఒక షాపాయన క్రాక్ వెర్షన్ చవగ్గా వేసిస్తానంటున్నాడు. నాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. ఏం చేయమంటారు?

జవాబు: క్రాక్ జోలికి పోకండి. చట్టం సంగతి అటుంచినా, దాన్ని వేసేముందు యాంటీవైరస్ ఆపమంటారు. థీసిస్ ఉన్న ల్యాప్‌టాప్‌లో చేసే పనేనా అది?

మీ గైడ్ గారికి కావాల్సింది బహుశా కై స్క్వేర్, టీ టెస్ట్, అనోవా లాంటి మామూలు స్టాటిస్టికల్ టెస్టుల టేబుళ్లే. 1968లో వచ్చిన ఎస్‌పీఎస్‌ఎస్‌ను 2009లో ఐబీఎం కొనుక్కుంది. ఇన్నేళ్లలో సర్వే అనగానే నోటికి ఆ పేరే వచ్చేస్తోంది, అంతే. ఒకసారి మెల్లగా కదిపి చూడండి. కాదు, అదే కావాలంటే డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో లైసెన్స్ ఉందేమో అడగండి.

గైడ్ గారు ఒప్పుకుంటే జమోవి అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. డెస్క్‌టాప్ వెర్షన్ పూర్తిగా ఉచితం. ఎడమవైపు డేటా, కుడివైపు ఫలితాలు. మెనూలో టెస్టు ఎంచుకుంటే టేబుల్ వచ్చేస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్ ఫైళ్లూ తెరుస్తుంది. లోపల లెక్కలు కట్టేది ఆర్ అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాషే కాబట్టి నమ్మకం గురించి బెంగ వద్దు. వైవాలో అడుగుతారు, వాడిన వెర్షన్ నంబరు థీసిస్‌లో రాయండి. ల్యాప్‌టాప్ మరీ మొరాయిస్తే పీఎస్‌పీపీ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ తేలిక. చూడ్డానికి ఎస్‌పీఎస్‌ఎస్ తమ్ముడిలా ఉంటుంది గానీ, టెస్టులు తక్కువ.

ఏది వాడినా అసలు ప్రమాదం కోడింగ్‌లో, అంటే జవాబులకు అంకెలు వేయడంలో ఉంది. పలాసకు 1, మందసకు 2, వజ్రపుకొత్తూరుకు 3 అని వేసి, ఆ కాలమ్‌ను నామినల్‌గా (అంకెలు పేర్లకు గుర్తులు మాత్రమే అని) పెట్టకపోతే సాఫ్ట్‌వేర్ బుద్ధిగా మండలాలకు సగటు కట్టి ఇస్తుంది. అలాంటి టేబుళ్లు థీసిస్‌లలో చూశాను, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పీహెచ్‌డీ ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే ఆర్ మొదలుపెట్టండి. అదీ ఉచితమే. ఐబీఎం వాళ్ల అమోస్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసే, ఎన్నో అంశాల సంబంధాలను ఒకేసారి చూసే మోడళ్లకు అందులో లావాన్ అనే ప్యాకేజీ ఉంది.

ప్రశ్న: గూగుల్ ఫారమ్‌లో తెలుగులో సర్వే పెట్టాను. జవాబులున్న సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్) ఫైల్‌ను ఎక్సెల్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే! (విజయనగరం పాఠకురాలు)

జవాబు: డేటా ఎక్కడికీ పోలేదమ్మా. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయకుండా, ఎక్సెల్‌లో డేటా ట్యాబ్‌కి వెళ్లి ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కండి. ‘ఫైల్ ఆరిజిన్’లో 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి. అంతకంటే సులువు, గూగుల్ షీట్స్ నుంచి నేరుగా ఎక్సెల్ ఫైల్‌గా డౌన్‌లోడ్ చేసుకోవడం.