ధర్నా వార్తలో డిమాండ్లు ఎందుకు కనిపించవు?

ఏ ఉద్యమమైనా పత్రికల్లో, టీవీల్లో గొడవలాగే ఎందుకు కనిపిస్తుంది, యాజమాన్యాల ఒత్తిడేనా అని అడిగారు. ఒత్తిడి ఉంటుంది, కాదనను. కానీ ఆరేళ్లు సబ్ ఎడిటర్‌గా డెస్కులో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, చాలా రోజులు పైనుంచి ఎవరూ ఫోన్ చెయ్యనక్కర్లేదు. అలవాటుపడిన మా చేతులే ఆ పని చేసేస్తాయి.

ఒక రాత్రి కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుల ధర్నా వార్త వచ్చింది. విలేకరి ఇరవై రెండు లైన్లు పంపాడు. మొదటి ఎనిమిదీ గేటు దగ్గర తోపులాట, పోలీసులు నలుగురిని వ్యాన్ ఎక్కించడం. మిగతాదంతా వాళ్ల గోడు. మూడు నెలలుగా జీతాల్లేవు, ఒంట్లో బాగోలేక ఒకరోజు మానేస్తే మర్నాడు పన్లేదంటారు, చేతులకు గ్లౌజులివ్వరు. పేజీలో ఎనిమిది లైన్లకే చోటుంది. ముఖ్యమైనది పైన ఉంటుందని మాకు నేర్పారు కాబట్టి ఎప్పుడూ కింది నుంచే కోస్తాం. కోశాను. ‘ధర్నాలో ఉద్రిక్తత’ అని శీర్షిక పెట్టి పేజీ వదిలేశాను.

మర్నాడు ఆఫీసుకు ఫోన్. ధర్నాలో కూర్చున్న ఒకావిడ. తిట్టలేదు. “మేం ఎందుకు కూర్చున్నామో ఒక్క ముక్కయినా లేదేంటి సారూ?” అంది. పేపర్ తీసి చూశాను. నిజంగానే లేదు. అచ్చయిన ప్రతి అక్షరమూ నిజమే, అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆవిడకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

అసలు మా వార్తల భాషే చూడండి. ‘లాఠీచార్జి జరిగింది’ అని రాస్తాం, వానపడినట్టు. ఎవరు కొట్టారో ఉండదు. అదే కార్మికులైతే ‘రెచ్చిపోయారు’. రోడ్డు మీద కూర్చుంటే ‘వాహనదారుల ఇక్కట్లు’. నాయకుడి ఊరేగింపు కోసం అదే రోడ్డు రెండు గంటలు ఆపితే ఆ ఇక్కట్లు ఏ పేజీలోనూ రావు.

ఇది ఒక్క మన పత్రికల జబ్బు కాదు. 1968 అక్టోబర్ 27న లండన్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా పెద్ద ఊరేగింపు జరిగింది. హింస తప్పదని పత్రికలు ముందు నుంచే రాస్తూ వచ్చాయి. తీరా ఊరేగింపు చాలావరకు ప్రశాంతంగా నడిచింది. ఒక చిన్న గుంపు మాత్రం విడిపోయి అప్పట్లో అమెరికా రాయబార కార్యాలయం ఉన్న గ్రోవ్‌నర్ స్క్వేర్‌కు వెళ్లి పోలీసులతో తలపడింది. మర్నాడు పత్రికలకు అదే పెద్ద వార్త. ఒక పోలీసు ముఖం మీద నిరసనకారుడు తన్నుతున్న ఫొటో జనం కళ్లలో నిలిచిపోయింది. లెస్టర్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ హాలోరన్ బృందం ఆ కవరేజీని పరిశీలించి 1970లో పుస్తకంగా తెచ్చింది. ముందే అనుకున్న కథకు ఏది సరిపోతే అదే వార్త అయిందని తేల్చింది. 2021 జనవరి 26న రైతుల ట్రాక్టర్ ర్యాలీనాడు టీవీ చూసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పాలా? రెండు నెలలు ఢిల్లీ సరిహద్దుల్లో చలికి కూర్చున్నవాళ్ల మాట పక్కకు పోయి, రోజంతా తెర మీద ఎర్రకోట గొడవే తిరిగింది.

ఆ ఫోన్ వచ్చిన సాయంత్రం, జీతాల సంగతి విడిగా వేద్దామని మా ఇన్‌చార్జిని అడిగాను. “నిన్న వేశాం కదా, మళ్లీ ఏదైనా జరిగితే చూద్దాం” అన్నారు. ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక తిరిగి ఫోన్ చెయ్యలేదు.