రైడింగ్ గేర్: తారు రోడ్డుకు, రాళ్ళ దారికి ఒకే సెట్ సరిపోతుందా?

బండి నడిపేవారి రక్షణ సామగ్రి గురించి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నలను కలిపి ఒకటిగా ప్రచురించాం.

ప్రశ్న: నా దగ్గర 350 సీసీ బండి ఉంది. నెలకు ఒకసారైనా దాని మీదే హైదరాబాదు వెళ్ళి వస్తాను. ఆదివారాలు మిత్రులతో కలిసి చీమకుర్తి వైపు కంకర దారుల్లో, మట్టి బాటల్లో తిరుగుతుంటాను. ఐఎస్ఐ ముద్ర ఉన్న ఫుల్ ఫేస్ హెల్మెట్ తప్ప నాకు వేరే సామగ్రి ఏదీ లేదు. ముప్పై వేల రూపాయలలో రెండు రకాల దారులకూ పనికివచ్చే ఒకే సెట్ కొనవచ్చా? మంచి జాకెట్‌తో మొదలుపెట్టమని అందరూ అంటున్నారు.
– పాఠకుడు, ఒంగోలు

జవాబు: రెండు దారులకూ సమానంగా పనికివచ్చే సెట్ లేదు, ఎందుకంటే ఆ రెండు చోట్లా మనిషి పడే తీరే వేరు. హైవే మీద ఎనభై కిలోమీటర్ల వేగంలో జారిపడినవాడు ఒక్కసారి నేలకు తగిలి, ఆ తర్వాత తారు మీద రాసుకుంటూ చాలా దూరం పోతాడు. ఆ రాపిడికి మామూలు జీన్స్ బట్ట ఎంతోసేపు నిలవదు, అది చిరిగిన మరుక్షణం చర్మం అరగడం మొదలవుతుంది. కంకర దారిలో వేగం ఇరవై, ముప్పై దాటదు కాబట్టి రాపిడి భయం తక్కువ. కానీ అక్కడ పడటం మామూలు విషయం, పైగా మోకాలు నేరుగా రాయికి తగలడం, పాదం బండి కింద ఇరుక్కుని మెలితిరగడం, భుజం గట్టుకు కొట్టుకోవడం వంటివి జరుగుతాయి. మొదటి దానికి అరగని బట్ట కావాలి, రెండవ దానికి దెబ్బను ఆపే ఆర్మర్ (కీళ్ళ మీద ఉండే ప్యాడ్లు), వంగని బూటు కావాలి.

జాకెట్ లోపలి లేబుల్ చదవడం వస్తే ఈ తేడా మీకు అక్కడే కనిపిస్తుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 17092 ప్రకారం పరీక్షించిన దుస్తులకు ఏఏఏ, ఏఏ, ఏ, బీ, సీ అని అయిదు తరగతులు ఉన్నాయి. మొదటి మూడింటిలో రాపిడిని, చిరుగును తట్టుకునే బట్ట, కీళ్ళ దగ్గర ఆర్మర్ రెండూ ఉంటాయి. ఏఏఏ అన్నిటికంటే గట్టిది, అంతే బరువైనది, మన ఎండల్లో అంతే కష్టమైనది కూడా. బీ తరగతి బట్ట రాపిడిలో ‘ఏ’ తరగతితో సమానం, కానీ దానికి ఆర్మర్ ఉండదు. సీ తరగతి ఇందుకు పూర్తిగా భిన్నం: ఆర్మర్ ఉంటుంది, దానిని ఒంటికి పట్టి ఉంచే వల బట్ట మాత్రం తారు మీద నిలవదు. ఒంటికి అతుక్కుని ఉండే మెష్ బాడీ ఆర్మర్ ఈ చివరి కోవకు చెందిన వస్తువు. దానిమీద ఒక జెర్సీ తొడిగి కంకర దారిలో తిరగడం సబబే గాని, అదే వేషంలో హైవే ఎక్కడం మంచిది కాదు.

అందువల్ల మీవంటివారికి పొరల పద్ధతి అనుకూలంగా ఉంటుంది. ఆదివారం బాడీ ఆర్మర్, పైన వదులు జెర్సీ. హైదరాబాదు వెళ్ళేరోజు అదే ఆర్మర్ మీద ఏఏ తరగతి, లేదా కనీసం ‘ఏ’ తరగతి జాకెట్. అప్పుడు జాకెట్ భుజాల్లో, మోచేతుల్లో ఉన్న ప్యాడ్లు తీసివేయవచ్చు. జాకెట్ కొనడానికి వెళ్ళేటప్పుడు ఆర్మర్‌ను వెంట తీసుకువెళ్ళి దానిమీదే తొడిగి చూడండి, లేకపోతే సైజు తప్పుతుంది. అయితే ఈ రెండూ ఇప్పుడే కొనవలసిన పని లేదు. ముందు ఆర్మర్‌తో వచ్చే ‘ఏ’ తరగతి మెష్ (గాలి ఆడే వల బట్ట) జాకెట్ ఒకటి తీసుకుని, ఆదివారాలు కూడా అదే వేసుకోండి. కొంచెం ఉక్కపోస్తుంది, అంతే. బాడీ ఆర్మర్ తర్వాత చేర్చుకోవచ్చు.

ఇక అందరూ జాకెట్‌తో మొదలుపెట్టమంటున్నారన్నారు. నా అభిప్రాయం వేరు: మీ డబ్బులో సగానికి దగ్గరగా బూట్లకు పెట్టండి. ఫొటోలో జాకెట్ కనిపిస్తుంది, బూటు కనిపించదు, అందుకే చాలామంది లక్షల రూపాయల బండి మీద స్పోర్ట్స్ షూతో కూర్చుంటున్నారు. కంకర దారిలో బండి పక్కకు ఒరిగినప్పుడు దాదాపు రెండు వందల కిలోల బరువు ముందుగా వచ్చేది పాదం మీదికే. చీలమండను కప్పినంత మాత్రాన అది రైడింగ్ బూటు కాదు. దుకాణంలో బూటు మడమను ఒక చేత్తో, మునివేళ్ళ భాగాన్ని మరో చేత్తో పట్టుకుని తడి తువ్వాలు పిండినట్టు మెలితిప్పి చూడండి. అది సులువుగా మెలితిరిగితే బండి కింద మీ పాదం కూడా అలాగే తిరుగుతుంది. తర్వాత అరికాలి మధ్యభాగాన్ని రెండు పక్కల నుంచి గట్టిగా నొక్కండి, లోపలికి కుంగకూడదు. బూట్ల ప్రమాణం ఈఎన్ 13634. దాని లేబుల్ మీద బూటు ఎత్తు, రాపిడి, కోత, పక్కల నుంచి వచ్చే ఒత్తిడికి నిలవడం అనే నాలుగు అంశాలకు వరుసగా 1 గాని 2 గాని వేసి ఉంటుంది. మీరు ముఖ్యంగా చూడవలసింది నాలుగో అంకె. అది 2 అయితే మంచిది. మట్టి ట్రాక్ రేసుల్లో వాడే మోటోక్రాస్ బూట్లు అన్నిటికంటే దిట్టమైనవే అయినా వాటితో ఊళ్ళో గేరు మార్చడం, సిగ్నల్ దగ్గర కాలు ఆనించడం ఇబ్బంది. అడ్వెంచర్ బూట్లు అనే మధ్యరకం మీకు సరిపోతుంది. మొదట్లో గేరు లీవర్ కింద బూటు దూరక విసుగు పుడుతుంది. లీవర్‌ను ఒక మెట్టు పైకి అమర్చమని మెకానిక్‌కు చెప్పండి.

మిగిలిన డబ్బులో జాకెట్‌తో పాటు మోకాలి నుంచి ముంగాలి దాకా కప్పే గార్డులు, ఒక జత గ్లౌజులు వస్తాయి. ఎవరైనా పడేటప్పుడు అరచేతులే ముందుకు పెడతారు కాబట్టి అరచేతి అడుగున, మణికట్టుకు దగ్గరగా గట్టి ప్లాస్టిక్ ముక్క ఉన్న గ్లౌజు ఎంచుకోండి: అది నేల మీద జారుతుంది, చెయ్యి ఒకేచోట ఆగిపోయి మణికట్టు విరిగే ప్రమాదం తగ్గుతుంది. మణికట్టు పట్టీ బిగించిన తర్వాత వేళ్ళు పట్టుకుని లాగితే ఊడివచ్చే గ్లౌజు పడినప్పుడు కూడా ఊడిపోతుంది. మీ హెల్మెట్‌ను ఇప్పుడే మార్చనక్కర లేదు. పొడవాటి పీక్ (నుదుటి మీద ముందుకు పొడుచుకొచ్చే రేకు), గాగుల్స్ ఉండే ఆఫ్‌రోడ్ హెల్మెట్ మట్టి దారిలో గాలి బాగా ఆడనిస్తుంది గాని, హైవే వేగంలో ఆ పీక్ గాలికి లేచి రెండు గంటల్లో మెడ పట్టేస్తుంది.

ప్రశ్న: నాకు పొట్టి చేతులు, సన్నటి భుజాలు. పురుషుల జాకెట్లలో అతి చిన్న సైజు తీసుకున్నా మోచేతి ప్యాడ్ ముంజేతి మీదికి జారిపోతోంది. ఇలాగే సర్దుకోవచ్చా?
– పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: సర్దుకోవద్దు. మోచేతి మీద లేని ప్యాడ్ ఏ స్థాయిదైనా మోచేతిని కాపాడలేదు. జాకెట్‌ను అద్దం ముందు నిలబడి చూడటం పొరపాటు. దుకాణం బయట ఉన్న బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకుని చూడాలి, ఎందుకంటే చేతులు ముందుకు చాచినప్పుడు చేతి బట్ట పైకి లాగబడి ప్యాడ్ ఉండవలసిన చోటు మారుతుంది. అలా కూర్చుని, రెండో చేత్తో మోచేతి ప్యాడ్‌ను పట్టుకుని పక్కకు తిప్పండి. అది ఎముకను వదిలి పక్కకు పోతే జాకెట్ వదులైనట్టే. స్త్రీల కొలతలకు కుట్టిన జాకెట్లను ఇప్పుడు మన దేశపు కంపెనీలు కూడా తయారుచేస్తున్నాయి, ముందు వాటిని చూడండి. ఉన్న జాకెట్‌నే వాడుకోవాలనుకుంటే భుజం, ముంజేయి దగ్గర బిగింపు పట్టీలు పూర్తిగా బిగించి, లోపల విడిగా మోచేతి గార్డులు కట్టుకోవడం ఒక మార్గం. దర్జీ చేత చేతులు పొట్టి చేయించాలనే ఆలోచన మాత్రం మానుకోండి. ఆ కుట్లు మామూలు దారంతో పడతాయి, పడిన రోజున మొదట విడిపోయేవి అవే.

మరో మాట. కొన్ని జాకెట్లలో వీపు దగ్గర ఉండేది ఉత్త స్పాంజి ముక్క. దానిని బయటికి తీసి చూడండి. ఈఎన్ 1621-2 అని, దానితో పాటు స్థాయి 1 లేక 2 అని రాసి లేకపోతే అది ఆకారం కోసం పెట్టిందే. ఆ పరీక్షలో స్థాయి 1 ప్యాడ్ సగటున 18 కిలోన్యూటన్ల కంటే ఎక్కువ బలాన్ని అవతలికి పోనివ్వకూడదు, స్థాయి 2 ప్యాడ్‌కు ఆ హద్దు 9 మాత్రమే. కొద్దిపాటి ధర తేడాకు సగానికి సగం మేలు కాబట్టి వీపుకు స్థాయి 2 కొనడమే తెలివి.

ప్రశ్న: మే నెలలో జాకెట్ వేసుకోవడం మా ఊళ్ళో సాధ్యమేనా?
– పాఠకుడు, కర్నూలు

జవాబు: సాధ్యమే, కానీ మెష్ జాకెట్ కొంటే సరిపోతుందనుకోవడం పూర్తిగా నిజం కాదు. గాలి ఒంటి కంటే చల్లగా ఉన్నంతవరకే మెష్ హాయి. కర్నూలులో నలభై రెండు డిగ్రీల మధ్యాహ్నం ఆ వలలోంచి దూరే వడగాలి చెమటను పట్టిన క్షణంలోనే ఆర్చేసి, ఒంటికి ఇంకా వేడిని చేరుస్తుంది. అలాంటప్పుడు లోపలి టీషర్టును నీళ్ళలో ముంచి పిండి తొడుక్కుని, జాకెట్ గాలి జిప్పులు ఉంటే సగం మూసి ఉంచితే తడి నెమ్మదిగా ఆరుతూ చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. విశాఖ, కాకినాడ వైపు తేమ గాలిలో ఈ ఉపాయం పెద్దగా పారదు, అక్కడ ధారాళంగా గాలి ఆడే మెష్ జాకెట్టే దిక్కు. ఆర్మర్ లేబుల్ మీద టీ ప్లస్ (T+) అనే గుర్తు ఉందేమో చూడండి. దానిని 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షించారని అర్థం, ఎందుకంటే కొన్ని మెత్తటి ప్యాడ్లు వేడికి ఇంకా మెత్తబడి దెబ్బను ఆపలేవు. వేడికి తలనొప్పి, వికారం, తికమక మొదలైతే గమ్యం ఎంత దగ్గరలో ఉన్నా బండి ఆపి నీడకు చేరాలి. ఉదయం పది లోపు, సాయంత్రం అయిదు తర్వాత ప్రయాణం పెట్టుకోగలిగితే ఈ అవస్థలన్నీ సగానికి తగ్గుతాయి.

ప్రశ్న: ఆఫ్‌రోడ్ రైడర్లు వేసుకునే గట్టి ప్లాస్టిక్ ఛాతీ కవచం, ఛాతీ ప్రొటెక్టర్ ఒకటేనా?
– పాఠకుడు, విజయనగరం

జవాబు: చూడటానికి ఒకేలా ఉంటాయి, పని వేరు. ముందు బండి వెనక చక్రం ఎగజిమ్మే రాళ్ళను ఆపడానికి చేసినవి ఈఎన్ 14021 కింద, మనిషి పడినప్పుడు ఛాతీకి తగిలే దెబ్బను తగ్గించేవి ఈఎన్ 1621-3 కింద పరీక్షకు వెళ్తాయి. మొదటిది కొని రెండవ రకం రక్షణ దొరికిందనుకునేవారు చాలామంది. రెండు అంకెలూ ఉన్న కవచాలు కూడా దొరుకుతాయి. పోటీల స్థాయిలో ఇప్పుడు ఇవి కూడా చాలవని తేలింది: మోటోజీపీలో 2018 నుంచి, డకార్ ర్యాలీలో 2021 నుంచి బైక్ రైడర్లకు ఒంటికి తొడుక్కునే ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. ఆదివారం మట్టి దారికి అంత అవసరం లేదు.

ప్రశ్న: విదేశీ ఈసీఈ ముద్ర ఉన్న హెల్మెట్‌కు ఐఎస్ఐ లేకపోతే పోలీసులు జరిమానా వేస్తారా? ఏది మేలు?
– పాఠకుడు, నిజామాబాద్

జవాబు: మన దేశంలో 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాల హెల్మెట్లకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ధృవీకరణ, అంటే ఐఎస్ 4151 ప్రమాణం ప్రకారం ఇచ్చే ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నిర్దేశిత ప్రమాణం గల హెల్మెట్‌ను పట్టీ బిగించి పెట్టుకోవాలి. ఆ నిబంధన మీరితే 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు అనర్హత. కాబట్టి చట్టం మాట అడిగితే ఐఎస్ఐ కావలసిందే. రక్షణ మాట అడిగితే, యూరప్‌లో వాడే ఈసీఈ ప్రమాణపు 22.06 పరీక్షలో తలను మెలితిప్పే ఏటవాలు దెబ్బలు కూడా చేర్చారు, అది మేలైన విషయం. రెండు ముద్రలూ ఉన్న హెల్మెట్లు మార్కెట్లో దొరుకుతున్నాయి, వాటినే ఎంచుకోండి. ఈసీఈ లేబుల్ మీద అంకెల పక్కన పీ అనే అక్షరం ఉంటే గడ్డం భాగానికి కూడా పరీక్ష జరిగిందని, ఎన్‌పీ అని ఉంటే ఆ భాగం రక్షణకు కాదని అర్థం. గడ్డం భాగం పైకి లేచే మాడ్యులర్ హెల్మెట్లు కొనేవారు ఇది తప్పక చూడాలి.

రోడ్డు పక్కన అమ్మే వాటి మీద ఐఎస్ఐ స్టిక్కర్ ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. అసలు ముద్ర పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది. హెల్మెట్ మీది పేరు, యాప్‌లోని పేరు వేరైతే దుకాణం మార్చండి.

ప్రశ్న: హెల్మెట్ మీది తారు మరకలను పెట్రోలుతో తుడవవచ్చా? లోపలి జిడ్డు ఎలా పోతుంది?
– పాఠకుడు, ఖమ్మం

జవాబు: పెట్రోలు, థిన్నర్ రెండూ వద్దు. పాలీకార్బొనేట్ పైపెంకుకు కంటికి కనిపించని పగుళ్ళు వస్తాయి, లోపలి థర్మోకోల్ పొరకు తగిలితే అది కరిగిపోతుంది. తారు మరక మీద కొబ్బరినూనె రాసి కాసేపటికి మెత్తటి గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్ళతో కడగండి. చెంపల ప్యాడ్లు ఊడదీసి, బేబీ షాంపూ కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. తలకు నూనె రాసుకునే అలవాటు ఉంటే హెల్మెట్ కింద పలుచటి నూలు టోపీ పెట్టుకోండి, ప్యాడ్లు త్వరగా నలిగి వదులు కాకుండా ఉంటాయి.