లంకల్లో తిరిగే అడవి కుందేలు ఏ జాతి?

సరుగుడు తోటలో మీకు కనిపించింది ఇంట్లో పెంచే తెల్ల కుందేలు రకమేనా, గోదావరికి ఇటు ఒక జాతి, అటు ఒక జాతి అనే మాట నిజమేనా అని అడిగారు. మాది వశిష్ఠ గట్టున ఊరు, ఇవి చిన్నప్పటి నుంచి చూస్తున్నవే.

రెండోది ముందు చెప్తాను. అది ఊరికే పుట్టిన మాట కాదు. మెడ వెనక నల్లమచ్చ ఉన్నదాన్ని 1823లో, తోక మీద ఎర్రగోధుమ రంగు ఉన్నదాన్ని 1826లో వేరువేరు జాతులుగా వర్ణించారు. మొదటిది గోదావరికి దక్షిణాన, రెండోది ఉత్తరాన అని పాత పుస్తకాలు నదినే హద్దు చేశాయి. ఇప్పుడు రెండూ లెపస్ నైగ్రికొల్లిస్ అనే ఒకే జాతిలో ఉపజాతులు.

నన్నడిగితే ఆ హద్దు మన డెల్టాలో పనికిరాదు. ధవళేశ్వరం దాటాక నది గౌతమి, వశిష్ఠగా చీలుతుంది, వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ. కోనసీమంతా ఆ పాయల మధ్యే ఉంది, మరి దాన్ని ఏ ఒడ్డున రాయాలి? అందుకే మ్యాపు కాదు, జంతువును చూడండి. మెడ వెనక భాగం, పరిగెత్తేటప్పుడు తోక పైభాగం, ఈ రెండూ చూస్తే చాలు. మా వైపు నేను చూసినవాటికి మెడ మీద నలుపు స్పష్టంగా ఉంది.

పెంపుడు కుందేలు వేరు. అది యూరప్‌లో బొరియలు తవ్వుకుని బతికే జాతి నుంచి వచ్చింది. మనది బొరియ తవ్వదు, గడ్డిలో ఒళ్ళు పట్టేంత గుంట చేసుకుని పడుకుంటుంది. దీని క్రోమోజోములు 48, దానివి 44. రెండూ కలిసి పిల్లలు పెడతాయని మా దగ్గర కొందరు గట్టిగా చెప్తారు, అది జరగదు.

ఈ జాతి పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల్లోనూ ఉంది. మారిషస్‌కు మనుషులే తీసుకెళ్ళారు. సుందర్‌బన్స్ మడల్లో మాత్రం ఉండదు. కాబట్టి కోరింగ వైపు వెతికితే మడ వదిలేసి ఇసుక దిబ్బలు, తోటలు చూడండి.

ఒక్క మాట బతిమాలి చెప్తున్నా. గడ్డి కోసేటప్పుడు పిల్ల ఒంటరిగా దొరికితే ఇంటికి తేవద్దు. అది బొచ్చుతో, కళ్ళు తెరిచే పుడుతుంది. తల్లి దూరంగా ఉండి, పాలివ్వడానికి వస్తుంది. దాని మీద కాస్త గడ్డి కప్పి, కుక్కల్ని అటు పోనివ్వకండి.