దత్తత కుదిరేదాకా వీధి కుక్కపిల్లను ఇంట్లో ఉంచుకోవచ్చా?

ప్రశ్న: మేం నల్లగొండలో ఉంటాం. బైక్ తగిలి కుంటుతున్న రెండు నెలల వీధి కుక్కపిల్లను ఎవరైనా దత్తత తీసుకునేదాకా మా దగ్గరే ఉంచుదామనుకుంటున్నాం. ఇంట్లో ఇప్పటికే ఒక కుక్క ఉంది. ఏం చూసుకోవాలి?

ఉంచుకోవచ్చు. కాకపోతే మొదటి రెండు వారాలు మీ కుక్కకు దూరంగా వేరే గదిలో పెట్టండి. అసలు టెన్షన్ పార్వో అనే వైరస్ జబ్బుతోనే. పిల్ల చూడ్డానికి హుషారుగానే ఉంటుంది. వైరస్ సోకిన వారం లోపే సాధారణంగా తిండి మానేస్తుంది, వాంతులు, నెత్తురు విరేచనాలు మొదలవుతాయి. అప్పుడు తెల్లారేదాకా ఆగొద్దు, డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు లొంగదు. ముందు మురికి కడిగేసి, బ్లీచింగ్ కలిపిన నీళ్లు పోసి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. గిన్నె, గోనెపట్టా, ఆ గదిలోకి వేసుకెళ్లే చెప్పులు కూడా విడిగా ఉండాలి. మీ కుక్క టీకాలు బాకీ ఉంటే ముందు ఆ పని చూడండి.

కుంటుతోందని మనం వేసుకునే నొప్పి మాత్రలు ఇవ్వకండి, ఐబుప్రోఫెన్ కుక్కలకు విషం. పశువుల ఆసుపత్రిలో కాలు చూపించి, అదే రోజు పార్వో టీకా గురించి అడగండి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు. ఈలోగా పంటి గాటు పడితే, చిన్న పిల్లే కదా అని వదిలేయొద్దు. కారే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంజక్షన్ల కోర్సు మొదలుపెట్టండి.

తిండికి మెత్తటి అన్నం, ఉడికించిన గుడ్డు పెట్టొచ్చు. ఉల్లిపాయ వేసిన కూర వద్దు. మన ఎండలకు రేకుల కింద మాత్రం కట్టకండి.